ఆగితే వచ్చేవాళ్ళు

పనిరోజున ఉదయం పదిగంటలకి తన ఇల్లు ఎలా ఉంటుందో డ్రైవరమ్మ ఇరవైనాలుగేళ్ళుగా చూడలేదు. తూర్పు కిటికీలోంచి ఎండ లోపలికొచ్చి, కుర్చీ కాళ్ళ మధ్య నుంచి మెల్లగా పాకి, టీవీ ఉన్న గోడ వైపు పోతుంది. ఆ వేళకి ఆమె ఎప్పుడూ తొమ్మిదో నంబరు బస్సు స్టీరింగు వెనకాల, వంతెన దిగి మార్కెట్టు మలుపు తిరుగుతూ ఉండేది. ఇప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎండ పాకడం చూస్తోంది. కుడికాలు మాత్రం దానంతటదే నేలమీద బ్రేకు నొక్కుతోంది.

ఏడు రోజులు డ్యూటీకి రావద్దన్నారు. ఆసుపత్రి స్టాపులో ఒక మనిషి కోసం బస్సు ఆపినందుకు. డిపో వాళ్ళిచ్చిన కాగితం మడత విప్పి బల్లమీద పెట్టి ఉంది. 'అకారణంగా బస్సును నాలుగు నిమిషములు నిలిపి ఉంచినందుకు' అని మొదలై, 'వారం లోపల సంజాయిషీ సమర్పించవలెను' అని ముగిసింది. ఏడు రోజులూ ఆమెకి పెద్ద బాధ కాదు. ఆ 'అకారణంగా' అన్న మాటే గొంతులో ముల్లులా దిగి కదలడం లేదు. చెల్లెలికి కూడా చెప్పలేదు. సెలవు పెట్టానంది.

తలుపు తోసుకుని చెల్లెలి కూతురు వచ్చింది. నోరు మూతపడదని చిన్నప్పుడే వసపిట్ట అని పేరు పెట్టారు, పెద్దయ్యాక పిట్ట మిగిలింది. మార్కెట్టు మూలన వీడియోగేముల షాపులో పనిచేస్తుంది. భుజాన సంచి, చంకలో ఒక నల్లపెట్టె.

"పెద్దమ్మా, నువ్వు సెలవులో ఉన్నావని అమ్మ చెప్పింది. నాకు దొరికిపోయావు. మా ఓనరు షాపులో కొత్తగా ఒక అర పెట్టమన్నాడు. జన్మలో ఆట ముట్టనివాళ్ళ కోసం. అందులో ఏమేం పెట్టాలో ఆదివారంలోగా నన్నే తేల్చమన్నాడు. జన్మలో ముట్టనివాళ్ళు నాకెక్కడ దొరుకుతారు? అందరూ ఫోన్లో ఏదో ఒకటి గెలుకుతూనే ఉంటారు. నువ్వు తప్ప."

"నాది బటన్ల ఫోను."

"అదే కదా నీ గొప్ప."

పిట్ట అప్పటికే టీవీ వెనకాల దూరి తీగలు గుచ్చుతోంది. లోపల్నించే మాట్లాడింది. "కొత్తవాళ్ళు వస్తారు పెద్దమ్మా. మోజుపడి ఒకటి కొంటారు. రెండ్రోజులకి తిరిగి తెస్తారు. 'మాకు చేతకాదమ్మా, మా వయసుకి కాదు' అని తలొంచుకుని ఇస్తారు. ఆట బాగాలేదని ఒక్కరూ అనరు. తప్పంతా తమదే అన్నట్టు నిలబడతారు. నేనది చూడలేకపోతున్నాను."

డ్రైవరమ్మ కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టి, బల్ల ఖాళీ చేసింది.

మొదటి ఆట కార్ల పందెం. పన్నెండు కార్లు, మధ్యలో పెద్ద పట్నం. పిట్ట ఇచ్చిన కంట్రోలర్ని ఆమె రెండు చేతులా స్టీరింగు పట్టినట్టే పట్టింది. ముందు అద్దం ఎక్కడుందని అడిగింది. హ్యాండ్‌బ్రేకు దించి ఉందో లేదో అడిగింది. బయల్దేరాక మలుపు మలుపుకీ ఒళ్ళంతా అటు వాల్చింది. పదకొండు కార్లూ దుమ్ము లేపుకుంటూ కనుమరుగయ్యాయి. ఈమె కారు మాత్రం వీధిలో నిమ్మళంగా వెళ్ళి, ఎర్రలైటు దగ్గర ఆగింది.

"పెద్దమ్మా, ఆగక్కర్లేదు."

"ఎర్రలైటు."

"అది ఊరికే బొమ్మ. పోనివ్వు."

"ఆ అమ్మాయి దాటుతోంది చూడు, చేతిలో సంచితో."

సంచి పట్టుకున్న అమ్మాయి నిజంగానే దాటుతోంది. ఆ ఆట ఎన్నోసార్లు ఆడిన పిట్ట ఆ అమ్మాయిని ఎప్పుడూ చూడలేదు. ఆమె దాటింది, లైటు పచ్చబడింది, కారు కదిలింది. పందెంలో పన్నెండో స్థానం. పిట్ట పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి, పెద్దమ్మ ముఖం చూసి ఆపేసింది. ఆ ముఖంలో ఉక్రోషమేమీ లేదు, ఏదో అలసట ఉంది. పిట్ట నోటుపుస్తకం తీసి ఏదో రాసుకుంది.

మర్నాడు తెచ్చింది యుద్ధం ఆట. తుపాకుల సంగతి దాకా వెళ్ళనే లేదు. కంట్రోలర్ మీద రెండు చిన్న పుల్లలున్నాయి. ఎడమ పుల్ల కదిపితే కాళ్ళు నడుస్తాయట, కుడి పుల్ల కదిపితే కళ్ళు తిరుగుతాయట. డ్రైవరమ్మ నడుద్దామంటే ఆకాశం కనబడింది. కిందికి చూద్దామంటే గోడకి గుద్దుకుంది. గోడ మూలలో ఇరుక్కుని, సైనికుడు అదే పనిగా గోడలోకి నడుస్తూ ఉండిపోయాడు.

"వీడికి మెడ పట్టేసినట్టుంది," అందామె. "పాపం, ఇలాంటివాణ్ణి ఎవరు పంపించారు యుద్ధానికి."

పిట్ట ఈసారి నవ్వలేదు. తన చేతుల వంకా, పెద్దమ్మ చేతుల వంకా మార్చి మార్చి చూసింది. పన్నెండు మీటర్ల బస్సుని అంగుళం తేడా లేకుండా గోడవారగా నిలిపే చేతులవి. "ఈ రెండు పుల్లలూ కలిపి తిప్పడం మాకు తల్లి కడుపులోనే వచ్చేసినట్టుంటుంది. ఎవరూ నేర్పలేదనుకుంటాం. చిన్నప్పట్నించి రోజూ నేర్చుకుంటూనే ఉన్నామని మర్చిపోయాం," అని గొణుక్కుంటూ రాసుకుంది.

సంచిలోంచి ఇంకోటి తీసింది. రంగుపెట్టెల్ని వరసలో ఇమిడ్చే ఆట. అది డ్రైవరమ్మకి పావుగంటలో పట్టుబడింది. చకచకా సర్దేసి, "సాయంత్రం డిపోలో బస్సులు సర్దినట్టే ఉంది," అని కంట్రోలర్ తిరిగి ఇచ్చేసింది. ఆ మాట అన్నాక చాలాసేపు కిటికీలోంచి కిందికి చూస్తూ నిలబడింది. కింద వీధిలో ఏ బస్సూ రాదు. అయినా చూసింది.

బుధవారం పిట్ట వచ్చిన తీరు చూస్తేనే తెలిసింది, ఏదో పట్టుకొచ్చిందని. మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

"ఇది నీకోసమే పుట్టిందనుకో. బస్సు నడిపే ఆట."

డ్రైవరమ్మ నమ్మలేదు. టీవీలో బస్సు ముందుభాగం తెరుచుకుంది. రెండువైపులా అద్దాలు, వాటిలో వెనక చక్రాలు. ఇండికేటరు టిక్కు టిక్కుమంది. తలుపు బుస్సుమని గాలి వదిలి తెరుచుకుంది. ఆ చప్పుడికి ఆమె కుర్చీ ముందుకి జరుపుకుంది. ఆ ఊరు ఆమె ఎరగనిది, వాన వెలిసిన వీధులు, తడిరోడ్డు మీద షాపుల వెలుగులు చెదిరి మెరుస్తున్నాయి. చేతులు తేలికపడ్డాయి. నాలుగు స్టాపులు ఒక్క తప్పు లేకుండా నడిపింది. పేవ్‌మెంటుకి జానెడు దూరంలో నిలిపింది. తెరమీద ప్రతి స్టాపుకీ పచ్చని అంకెలు పైకి లేచాయి. ఊపిరి బిగబట్టి చూస్తున్న పిట్ట నోటుపుస్తకం కూడా మర్చిపోయింది.

ఐదో స్టాపులో తలుపు మూయబోతూ ఆమె అద్దంలోకి చూసింది. దూరంగా ఒక బొమ్మమనిషి గొడుగు పట్టుకుని స్టాపు వైపే వస్తున్నాడు. ఆమె వేలు బటన్ మీదే ఆగింది.

"రానీ," అంది.

బొమ్మమనిషి వస్తూనే ఉన్నాడు. తెరమీద ఎర్రక్షరాలు లేచాయి. ఆలస్యం. మార్కులు ఒకటొకటిగా తగ్గడం మొదలైంది. ఇంకా తగ్గాయి. బొమ్మమనిషి బస్సు ఎక్కనేలేదు, పక్కనుంచి నడిచి సందులోకి వెళ్ళిపోయాడు.

డ్రైవరమ్మ కంట్రోలర్ని బల్లమీద చప్పుడు కాకుండా పెట్టింది. "ఇక్కడ కూడానా," అంది. లేచి వంటింట్లోకి వెళ్ళింది. కడిగి బోర్లించిన గ్లాసులు తీసి మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

పిట్ట గుమ్మంలో నిలబడింది.

"సెలవు కాదు కదా పెద్దమ్మా?"

"కాదు." నీళ్ళు పారుతున్నాయి. "ఆసుపత్రి మెట్లు దిగుతున్నాడు ఒకాయన. ఒక కంటికి కట్టు. ఇంకో కన్ను ఎండకి మూసుకుపోతోంది. ముందు కాలితో మెట్టు తడిమి, అప్పుడు రెండో కాలు దించుతున్నాడు. బస్సు చప్పుడు వింటూ, చెయ్యి ఇలా పైకెత్తాడు. నేనెక్కడున్నానో ఆయనకి కనబడదు. ఊరికే గాల్లోకి ఎత్తాడు. ఆగాను."

"నాలుగు నిమిషాలకేనా ఇదంతా?"

"బస్సులో ఇంకొకాయనకి రైలు తప్పిపోయింది. ఆయన ఫిర్యాదు రాసిచ్చాడు. ఆయన కోపం తప్పని నేననను." కుళాయి కట్టేసింది. "కానీ అకారణంగా ఆపానని రాశారే, అదే తట్టుకోలేకపోతున్నాను. పిచ్చెక్కి ఆపినట్టు."

పిట్ట గ్లాసు అందుకుని తుడిచింది. ఇద్దరూ కలిసి, శుభ్రంగా ఉన్న ఆరు గ్లాసుల్నీ మళ్ళీ శుభ్రం చేశారు.

గురువారం ఉదయం పిట్ట మెట్లు మామూలుగా ఎక్కింది. "ఇదొక్కటి చూడు. నచ్చకపోతే ఇక విసిగించను. మా షాపులో ఏడాదిలో రెండు అమ్ముడుపోయాయి. ఓనరు దీన్ని పైఅరలో వెనకాల పడేశాడు."

తెరమీద ఒక చెరువు. చెరువంటే అవతలి ఒడ్డు కనబడని చెరువు. మంచు. మంచులోంచి ఒక తాడు వచ్చి, మంచులోకి పోతోంది. ఆ తాడు పట్టుకుని లాగితే నడిచే బల్లకట్టు, దానిమీద తలపాగా చుట్టుకున్న ఒక మనిషి. అంతే. అంకెలు లేవు, గడియారం లేదు.

"ఒక్క పుల్లే," అంది పిట్ట. "కిందికి లాగితే తాడు లాగుతాడు. వదిలేస్తే ఆగుతాడు. ఒడ్డుకి చేరాక ఈ బటన్ నొక్కితే కూర్చుంటాడు."

"ఎందుకు కూర్చోవడం?"

"ఏమో. కూర్చుని చూడు."

ఆమె లాగింది. కట్టె కిర్రుమంది. నీళ్ళు పక్కకి తప్పుకున్నాయి. ఎంత నెమ్మదిగా లాగితే అంత నిశ్శబ్దం, తొందరపడితే బల్లకట్టు అటూ ఇటూ ఊగి నీళ్ళు పైకి చిందుతున్నాయి. ఆ లాగడంలో ఒక తూగుంది. నాలుగైదు లాగులకి ఆమె ఊపిరి ఆ తూగులో పడింది. మొదటి ఒడ్డున రెల్లు, ఒక విరిగిన మెట్టు. ఎవరూ లేరు. ఆమె బటన్ నొక్కింది. తలపాగా మనిషి కండువా పరుచుకుని కూర్చున్నాడు.

ఇద్దరూ చూస్తున్నారు. ఏమీ జరగలేదు. మంచు కొంచెం పలచబడింది. నీళ్ళలో ఒక చేప తిరిగి, వలయాలు వలయాలుగా అల విప్పుకుంది. గదిలో ఎండ గోడనించి జారి నేలమీదికొచ్చింది, తెరమీద కూడా ఎండ మారింది. ఏ వెలుగు చెరువుదో, ఏ వెలుగు కిటికీదో తెలియలేదు. డ్రైవరమ్మ కుడికాలు కదలడం మానేసింది.

అప్పుడు రెల్లు కదిలింది. తలమీద చిన్న పెట్టె పెట్టుకుని ఒకావిడ వచ్చింది. విరిగిన మెట్టు దగ్గర ఆగి, ఒక్కో పాదం దించింది. బల్లకట్టు ఎక్కి, పెట్టె దించుకుని, నీళ్ళలో చెయ్యి పెట్టి కూర్చుంది. చెరువు నడుమకొచ్చాక తనంతట తనే మాట్లాడింది. ఆమె మాటలు తెర అడుగున ఒక్కో వాక్యంగా వచ్చాయి. పెట్టెలో ఏమీ లేదట. అవతలి ఒడ్డున ఎవరిదో పిల్లి పిల్లల్ని పెట్టిందంటే, ఒకటి తెచ్చుకుందామని ఖాళీ పెట్టె తీసుకెళ్తోందట.

"ఓసినీ," అంది డ్రైవరమ్మ మెల్లగా.

మళ్ళీ లాగింది. మళ్ళీ కూర్చుంది. గోనెసంచి నిండా తాళంచెవులు మోసుకెళ్ళే ఒకాయన ఎక్కాడు, అదే బటన్ నొక్కి అడిగితే తాళాలెక్కడున్నాయో ఆయనకీ తెలియదట. పోట్లాడుకున్న అక్కచెల్లెళ్ళు బల్లకట్టుకి చెరో చివర కూర్చుని, దిగేటప్పటికి ఒకరి జడ ఒకరు అల్లుకున్నారు. కొన్ని ఒడ్డుల దగ్గర ఎంతసేపు కూర్చున్నా ఎవరూ రాలేదు. అప్పుడు వాన వచ్చింది, లేకపోతే పక్షులొచ్చాయి. ఆమె కళ్ళ ముందు మంచు తెరలు తెరలుగా తొలగి మళ్ళీ కప్పుకుంటూ ఉంటే, ఇంట్లో ఉన్నానో నీళ్ళమీద ఉన్నానో ఆమెకి పట్టలేదు. చేతిలో తాడు గరుకు కూడా తెలుస్తున్నట్టే ఉంది.

"ఇందులో గెలవడం ఎప్పుడే?" అని అడిగింది కళ్ళు తిప్పకుండా.

"గెలవడం లేదు పెద్దమ్మా."

"మరి ఎందుకు ఆడతారు?"

"నువ్వు మూడు గంటల్నించి ఎందుకు ఆడుతున్నావో అదే."

డ్రైవరమ్మ ఉలిక్కిపడి గడియారం చూసింది. టీ పెట్టలేదు. పిట్ట తనే పెట్టుకుని తాగేసి, ఈమె గ్లాసుమీద మూత పెట్టింది. అది చల్లారిపోయింది కూడా.

శుక్రవారం ఉదయం తలుపు కొట్టింది పిట్ట కాదు. పిట్టయితే తలుపు కొట్టదు. డిపో టైమ్‌కీపరు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, మణికట్టుకి పెద్ద గడియారం. బస్సు బయల్దేరినా వచ్చినా ఆయన పుస్తకంలోకి ఎక్కాల్సిందే. పన్నెండేళ్ళుగా రోజూ కిటికీ ఇవతల నుంచి, అవతల నుంచి చూసుకున్న ముఖాలు వాళ్ళవి. ఒకరింటికి ఒకరు రావడం ఇదే మొదలు.

"సంజాయిషీ రేపటిలోగా ఇవ్వాలమ్మా. మీకు రాయడం ఇబ్బందని నేనే రాసి తెచ్చాను. సంతకం పెడితే సోమవారం డ్యూటీ."

ఆమె చదివింది. పొరపాటున ఆగాను, ఇకపై ఆగను, క్షమించగలరు. మూడు ముక్కల్లో ముగించాడు. మేలు చేద్దామనే వచ్చాడని ఆయన నిలబడ్డ తీరులోనే ఉంది.

"కూర్చోండి సార్. కళ్ళజోడు తెచ్చుకుంటాను."

కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో గుర్తురాలేదు. వెతికి, టీ కూడా పెట్టి వచ్చేసరికి, టైమ్‌కీపరు కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు, చేతిలో కంట్రోలర్. ఆమె వదిలేసిన చోటే తెరమీద బల్లకట్టు.

"ఊరికే చూద్దామని," అన్నాడు దొరికిపోయినవాడిలా.

"పరవాలేదు. కిందికి లాగండి."

ఆయన లాగాడు. వేగంగా లాగాడు, నీళ్ళు చిందాయి. ఒడ్డుకి చేరాడు. ఎవరూ లేరు. గడియారం చూసుకుని వెనక్కి లాగేశాడు. ఇంకో ఒడ్డు. ఎవరూ లేరు. మళ్ళీ వెనక్కి. ఖాళీ బల్లకట్టుని మూడుసార్లు అటూ ఇటూ తిప్పి, "ఈ రూటులో ప్రయాణికులే లేనట్టున్నారు," అన్నాడు. ఎగతాళి కాదు, ఆయన నిజంగానే అలా అనుకున్నాడు.

"ఆ బటన్ నొక్కితే కూర్చుంటాడు."

నొక్కాడు. ఇద్దరూ టీ గ్లాసులు పట్టుకుని మంచు వంక చూస్తూ కూర్చున్నారు. ఆయన మోకాలు ఆడుతూనే ఉంది. కొంతసేపటికి నెమ్మదించింది. తెరమీద వాన మొదలై, వెలిసింది. ఆకుల మీంచి చుక్కలు రాలుతున్నాయి.

"మీ బస్సులో కెమెరా ఉంటుంది," అన్నాడాయన తెరవంకే చూస్తూ. "అది నేను చూశానమ్మా. కట్టు కట్టుకున్నాయన్ని చూశాను."

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"కంప్యూటర్లో ఆలస్యానికి కారణం నొక్కాలి. రద్దీ, టైరు, వాన, యాక్సిడెంటు, రిపేరు అని ఉంటాయి. మనిషి కోసం అని ఉండదు. ఏదీ నొక్కకపోతే అకారణం అని అదే వచ్చేస్తుంది." చేతిలో గ్లాసు తిప్పాడు. "వాన అని నొక్కేద్దామనుకున్నాను. ఆ రోజు ఎండగా ఉంది."

రెల్లు కదిలింది. ఒక మనిషి ఊతకర్రతో వచ్చి, విరిగిన మెట్టు దగ్గర నిలబడి చెయ్యి చాచాడు. టైమ్‌కీపరు తెలియకుండానే ముందుకి వంగాడు. తలపాగా మనిషి లేచి ఆ చెయ్యి అందుకునేదాకా ఆయన ఊపిరి వదల్లేదు.

డ్రైవరమ్మ ఆయన తెచ్చిన కాగితాన్ని పక్కకి జరిపి, తెల్లకాగితం తీసుకుంది. ఆమె చేతిరాత బస్సు నడిపినట్టే ఉంటుంది, నిదానంగా, గీత దాటకుండా. 'ఒక కంటికి కట్టుతో ఒక మనిషి ఆసుపత్రి మెట్లు దిగుతూ చెయ్యెత్తితే ఆగాను. అదే కారణం. మళ్ళీ అలా ఎవరైనా దిగితే మళ్ళీ ఆగుతాను. నా వల్ల రైలు తప్పిపోయినాయనకి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఆ స్టాపుకి రెండు నిమిషాలు ఎక్కువ ఇప్పిస్తే ఎవరి రైలూ తప్పదు.' సంతకం పెట్టింది.

టైమ్‌కీపరు చదివాడు. "ఇది ఇస్తే మేనేజరు ఊరుకోడు. ఇంకో వారం ఇంట్లో కూర్చోమనొచ్చు."

"కూర్చుంటాను. ఇప్పుడు కూర్చోవడం అలవాటైంది."

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పైజేబులో పెట్టుకున్నాడు. తను తెచ్చినదాన్ని ఏం చెయ్యాలో తోచక అదీ మడిచి ఇంకో జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి తెరవంక చూశాడు. "ఆ కర్ర ఆయన అవతలికి చేరాడా?"

"మీరు వెళ్ళాక చేరుస్తాను."

శనివారం సాయంత్రం డిపో నుంచి ఫోను వచ్చింది. సోమవారం డ్యూటీకి రమ్మన్నారు. హెచ్చరిక ఫైల్లో ఉంటుందన్నారు. రెండు నిమిషాల సంగతి ఎవరూ ఎత్తలేదు. 'అకారణంగా' అన్న మాట కొట్టేసి, పక్కన చేత్తో 'ప్రయాణికుని నిమిత్తం' అని టైమ్‌కీపరు రాశాడని, మేనేజరు అరిచాడని, ఆయన మాత్రం కెమెరా చూడమని ఒక్కటే మాటమీద నిలబడ్డాడని గుమస్తా గొంతు తగ్గించి చెప్పింది. డ్రైవరమ్మ ఫోను పెట్టేసి, ఇంట్లో ఎవరూ లేకపోయినా కొంగుతో ముఖం కప్పుకుంది.

ఆదివారం ఆమె పిట్ట షాపుకి వెళ్ళింది. కొత్త అర గుమ్మానికి ఎదురుగానే ఉంది. కార్ల పందెం లేకపోతే ఒప్పుకోనని ఓనరు పట్టుబట్టాడు కాబట్టి అదీ ఉంది, కానీ ప్రతి ఆట కిందా పిట్ట చీటీ అంటించింది. పందెం కింద 'ఎర్రలైటు దగ్గర ఆగేవాళ్ళకి ఇది కుదరదు, తప్పు మీది కాదు'. రంగుపెట్టెల కింద 'చేతులు ఊరుకోనివాళ్ళకి'. బల్లకట్టు కింద 'ఒక్క పుల్ల చాలు. తొందరలేదు'. బల్లకట్టు పెట్టిన చోట అర ఖాళీగా ఉంది.

"ఉన్న మూడూ పోయాయి," అంది పిట్ట. "నిన్న చేతికి పెద్ద గడియారంతో ఒకాయన వచ్చి మనవడి కోసమని కొన్నాడు. ఒక్క పుల్లతోనే ఆడొచ్చు కదా, ఖచ్చితంగా కదా అని నాలుగుసార్లు అడిగాడు. మనవడు ఎంతవాడని అడిగితే నీళ్ళు నమిలాడు."

సోమవారం తెల్లవారి ఆరింటికి డిపోలో మంచు పట్టి ఉంది. బస్సుల వరస సగమే కనిపిస్తోంది. డ్రైవరమ్మ అద్దాలు తుడిచింది, సీటు సర్దుకుంది, ఇంజను మోగనిచ్చింది. మంచులోంచి టైమ్‌కీపరు పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. కిటికీ కింద నిలబడ్డాడు. మామూలుగా అయితే బండి నంబరు రాసుకుని, చెయ్యి ఊపి వెళ్ళిపోతాడు. ఈ రోజు వెళ్ళలేదు. అటూ ఇటూ చూశాడు.

"ఒక ముసలావిడ ఎక్కిందమ్మా నిన్న సాయంత్రం. గొంగళి కప్పుకుని. ఏ ఒడ్డుకి తీసుకెళ్ళినా దిగడం లేదు. ఏడు ఒడ్డులూ తిప్పాను. అలాగే కూర్చుని ఉంది."

డ్రైవరమ్మకి అలాంటావిడ ఇంకా ఎదురుపడలేదు. ఆయన తనకంటే ముందుకి వెళ్ళిపోయాడు. నవ్వు వచ్చింది, పెదాల వెనకే ఆపుకుంది.

"ఎక్కడికి వెళ్ళాలో అడిగారా సార్?"

ఆయన చంకలోంచి పుస్తకం తీశాడు. "లేదు," అన్నాడు. "అడగలేదు."

"అడగండి."

ఆయన తల ఊపాడు. పుస్తకం తెరిచి నంబరు రాసుకున్నాడు. ఆమె తలుపు మూసింది, ఇండికేటరు వేసింది. బస్సు సరిగ్గా ఆరూ పదికి, ఒక్క క్షణం అటూ ఇటూ కాకుండా, మంచులోకి కదిలింది.